రోజెల్ కట్టుకున్న సముద్రం

నడుము కింద భాగం చచ్చుబడేనాటికి రోజెల్ వయసు ముప్పై రెండు. అందులో పన్నెండేళ్లు లాబ్‌స్టర్ల కోసం సముద్రం అడుగుకు దిగడంలోనే గడిచిపోయాయి. రోతాన్ దీవిలో ఫ్రెంచ్ హార్బర్ రేవు నుంచి పెద్ద పడవలు బయలుదేరతాయి. ఒక్కో పడవలో ముప్పై మంది మిస్కిటో తెగ మగవాళ్లు. సముద్రంలోని పగడపు దిబ్బల దగ్గరికి చేరాక ఇద్దరిద్దరు చొప్పున దోనెల్లో దిగుతారు. ఒకడు గాలి సిలిండర్ కట్టుకుని మునుగుతాడు, రెండోవాడు తెడ్డు పట్టుకుని పైన కాపు కాస్తాడు. రోజెల్ దోనెలో తెడ్డు వెన్సెస్‌ది. ఇద్దరూ ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు, ఒకే గిన్నెలో అరటికాయ అంబలి తాగినవాళ్లు.

ఆ రోజు పద్నాలుగో సిలిండర్ అయ్యాక రోజెల్ పైకొచ్చి దోనెలో కూర్చున్నాడు. దాహమన్నాడు. వెన్సెస్ నీళ్లు అందించేలోపే, "నా కాళ్లు ఎక్కడున్నాయిరా?" అని అడిగాడు. లోతుల్లోంచి పదేపదే పైకొస్తే రక్తంలో గాలి బుడగలు కట్టి నరాలు చచ్చుబడతాయి. పెద్ద పడవ ఒడ్డుకు చేరడానికి రెండు రోజులు పట్టింది.

అతని అక్క సెండెలా లాబ్‌స్టర్ల ప్యాకింగ్ కంపెనీలో తోకలు సైజుల వారీగా ఏరే పని చేసేది. తల్లి పోయినప్పుడు రోజెల్‌కి ఆరేళ్లు, ఆమెకు పదహారు. అప్పుడు చంకనెత్తుకున్న పిల్లవాణ్ణి, మళ్లీ ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తడం మొదలుపెట్టింది. చేతులకు అంటిన లాబ్‌స్టర్ వాసన పోయేదాకా నిమ్మకాయతో రుద్దుకుని గాని తమ్ముడి దగ్గరికి వెళ్లేది కాదు. వాడలో ఆడవాళ్లు, సముద్రంలోంచి లెక్కకు మించి తీసుకున్నందుకు నీళ్ల తల్లి లివా కాళ్లు లాగేసుకుందని గుసగుసలాడేవాళ్లు. సెండెలా ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేది. అయినా ఆ మాట ఆమె మనసులోంచి పూర్తిగా పోలేదు.

రెండేళ్లు రోజెల్ గోడను చూస్తూ గడిపాడు. వాళ్ల ఇల్లు వాడలో అన్ని ఇళ్లలాగే నీళ్ల మీద గుంజలపై నిలబడింది. కిటికీ తీస్తే సముద్రమే. ఒకసారి ఆమె కుర్చీని అక్కడికి తోసుకెళ్లింది.

"చూడరా, ఎంత బాగుందో."

"మూత చూపిస్తున్నావక్కా. గిన్నె మూత చూస్తే కడుపు నిండుద్దా? నాది కింద."

పడవలు కట్టే మిస్టర్ ఎల్డన్ ఒక మూతబడిన కొట్టు ముందరి అద్దాలు ఊడదీయించి తన షెడ్డులో పడేశాడని ఆ మధ్యే తెలిసింది. వేలెడు మందం అద్దాలు. ఆ మాట విన్న రోజు రోజెల్ రాత్రి భోజనం మొత్తం తిన్నాడు. మర్నాడు ఆ ముసలాయన్ని పిలిపించమన్నాడు.

ఎల్డన్ గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గాజుతొట్టి. అందులో సముద్రపు నీళ్లు, రాళ్లు, ఆ రాళ్ల మీద బతికేవన్నీ.

"నీకు కాళ్లే పోయాయనుకున్నాను, బుర్ర కూడా పోయిందా?" అన్నాడు. "నీళ్లూ రాళ్లూ గాజూ కలిపితే మూడొందల కిలోలకు పైమాట. ఈ చెక్క నేల మీద పెడితే తొట్టితో పాటు నువ్వూ మీ అక్కా వెళ్లి పీతల మధ్యలో పడతారు."

"అందుకేగా మిమ్మల్ని పిలిచింది. బల్ల కాళ్లు నేలలోంచి కిందికి దించాలి. ఇంటి గుంజలతో సంబంధం లేకుండా దానికి దాని గుంజలే ఉండాలి."

ఎల్డన్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "బల్ల కాదురా ఇది, చిన్న రేవు," అన్నాడు. కానీ మర్నాడే చెక్కతో వచ్చాడు.

పడవల వెన్నుకు వాడే గట్టి చెక్క అది. బురదలో నాలుగు గుంజలు దించే పని వెన్సెస్ చేశాడు. నేలకు నాలుగు కంతలు కోసి బల్ల కాళ్లను ఆ గుంజల మీద నిలబెట్టారు. బల్ల చెక్కలు ఒకదాన్లో ఒకటి బిగించే బెజ్జాలు మాత్రం తానే తొలుస్తానని రోజెల్ పట్టుబట్టాడు. చెక్కను ఒళ్లో పెట్టుకుని ఉలి పట్టాడు. తొడ మీద ఉలి జారి రక్తం కారుతున్నా అతనికి తెలియలేదు. సెండెలా చూసి కేక వేసింది. "నొప్పి లేదుగా, ఎందుకరుస్తావ్?" అన్నాడు. ఆ మాటకు ఎల్డన్ చేతిలోని చిత్రిక ఆగిపోయింది.

ఇనుప మేకులు ఉప్పుకు ఆరు నెలలు ఆగవని అంతా ఇత్తడి మరలే వాడారు. బల్ల ముందు భాగంలో అడ్డచెక్క లేకుండా చేశారు. చక్రాల కుర్చీ లోపలికి వెళ్లాలి, మోకాళ్లు బల్ల కింద ఇమడాలి, కళ్లు సరిగ్గా తొట్టి మధ్యకు రావాలి. ఎల్డన్ రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూశాడు. ఒక మూల గోరంత పల్లం ఉంటే కాలి కింద పలచని చెక్క దూర్చాడు. గాజుకు ఎగుడుదిగుడు తగలకుండా పైన మెత్తని ఫోం పరిచారు. అద్దాల అంచులు సారాతో తుడిచి, సిలికాన్ పూసి అతికించి, వారం ఆరనిచ్చి, ముందు మంచినీళ్లు నింపారు. తెల్లారేసరికి ఒక మూల నీటిబొట్టు కనిపించింది. మొత్తం తోడి, గీకి, మళ్లీ అతికించారు. రెండోసారి బొట్టు రాలేదు.

ఆ ఆదివారం వెన్సెస్ దిబ్బ అవతల తేట నీళ్లు ఆరు డ్రమ్ముల్లో తెచ్చాడు. బతికున్న పగడాన్ని ముట్టుకోవద్దని రోజెల్ గట్టిగా చెప్పాడు. తుపానుకు విరిగి పడిన రాళ్లే తెచ్చాడు. వాటి మీద స్పాంజిలు, నాచు, ఏవేవో అంటుకుని ఉన్నాయి. రోజెల్ పిల్లాడిలా ఆత్రపడ్డాడు. మూడో రోజే చేపలు కావాలన్నాడు. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు ఉండే వేలంత చేపలు నాలుగు తొట్టిలోకి వచ్చాయి.

రెండు రోజులకు నాలుగూ చచ్చి తేలాయి. దారిలో ఎండ తగిలిన స్పాంజిలు కుళ్లి నీళ్లు పాలలా విరిగాయి. కంపుకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. రోజెల్ ఆ నాలుగు చేపల్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపో కూర్చున్నాడు.

"పన్నెండేళ్లు చంపింది చాల్లేదు నాకు," అన్నాడు. "ఇంట్లో కూడా మొదలెట్టాను."

సెండెలా అతని చేతిలోని చేపలు తీసుకుంటూ, "లివాకి కోపం తెప్పించకురా, ఇక వదిలేయ్," అంది.

"లివా కాదక్కా. నాకు తెలీదు, అంతే. ఇన్నేళ్లూ తీయడమే తెలుసు, పెట్టడం తెలీదు."

వెన్సెస్ వెళ్లి డైవింగ్ నేర్పే చోట ఒకావిణ్ణి అడిగి వచ్చాడు. కుళ్లిన స్పాంజిలన్నీ గీకేయాలి, నీళ్లు మార్చాలి, తర్వాత నలభై రోజులు రాళ్లు తప్ప ఏమీ వేయకూడదు. చేపలు బతికేలా నీళ్లు మాగాలి. గాలి పంపు మాత్రం ఆగకూడదు. కరెంటు పోయినప్పుడు నడపడానికి ఎల్డన్ పాత కారు బ్యాటరీ ఒకటి తెచ్చి బల్ల కింద బిగించాడు.

ఆ నలభై రోజులూ రోజెల్ చేపలు లేని తొట్టి ముందే కూర్చున్నాడు. మొదట రాళ్ల మీద గోధుమరంగు జిగురు పట్టింది, తర్వాత పచ్చదనం వచ్చింది. ఇరవయ్యో రోజున రాతి బెజ్జంలోంచి ఈక కుచ్చులాంటిది ఒకటి విచ్చుకుంది. వేలు చూపిస్తే చటుక్కున లోపలికి పోయింది. వెంట్రుకంత కాళ్లున్న నక్షత్రపు పురుగొకటి ఇసుకలోంచి చేయి చాపింది. సెండెలా పని నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే పిలిచేవాడు.

"ఇలా రా, కూర్చో. ఇది నేను దిగిన ప్రతిచోటా ఉండే ఉంటుంది. ఒక్కసారీ చూడలేదు. లాబ్‌స్టర్ మీసాలు కనిపిస్తున్నాయా లేదా, అంతే చూసేవాణ్ణి. పన్నెండేళ్లు అక్కా! సంతకి వెళ్లి చెప్పుల వంక తప్ప దేనివంకా చూడనివాడిలాగా."

ఆమె కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆమెకు అందులో రాళ్లే కనబడ్డాయి. కానీ తమ్ముడి ముఖం మీద నీటి వెలుగు ఆడుతుంటే అదే చూస్తూ ఉండిపోయేది. నలభై రోజులయ్యాక ఒకే ఒక్క చేపను వేశారు. అది బతికింది. నెల తర్వాత ఇంకొకటి, ఒక చిన్న పీత, అలలకు తెగిపడిన, వేళ్లలా ఊగే మెత్తని పగడపు మొలకలు తెప్పించాడు. వాడలో పిల్లలూ పెద్దలూ చూడటానికి వచ్చేవాళ్లు. కుర్చీల్లో కూలబడిన ఇంకొందరు డైవర్లను కూడా వాళ్ల వాళ్లు తోసుకుంటూ తెచ్చేవారు. ఆ డైవర్లు చాలాసేపు చూసి వెళ్లిపోయేవాళ్లు.

వెన్సెస్ ప్రతి ఆదివారం నీళ్లు తెచ్చేవాడు. డ్రమ్ములు దించి, పాత నీళ్లు తోడి, కొత్తవి పోసి వెళ్లిపోయేవాడు. కొబ్బరి రొట్టె పెడితే చేతిలో పట్టుకుపోయేవాడు గాని కూర్చునేవాడు కాదు. ఒకనాడు సెండెలా లోపల పిండి కలుపుతుంటే అతని గొంతు వినిపించింది.

"ఆ రోజు చాలని నువ్వన్నావు. మోకాళ్లు లాగుతున్నాయన్నావు. ఇంకొక్కసారి దిగమన్నది నేనే. మా ఇంటి కప్పుకి రేకులు కావాల్సొచ్చాయి."

"తెలుసు."

"తెలిసి కూడా ఏడాదిగా నాచేత నీళ్లు మోయిస్తున్నావా?"

"మోస్తానన్నావు. మోయనిచ్చాను." రోజెల్ అన్నాడు, "దిగింది నేనేరా. నువ్వు గుంజి నీళ్లలో పడేయలేదు కదా. కానీ ఒక్కోరోజు నిన్ను చూస్తే ఒళ్లు మండుద్ది. అబద్ధం చెప్పను."

సెండెలా బయటికి వచ్చేసరికి వెన్సెస్ మొదటిసారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని తొట్టిలోకి చూస్తున్నాడు. ఆ రోజు నుంచి కూర్చోవడం మొదలుపెట్టాడు.

వర్షాకాలం వచ్చాక ఇంట్లో మళ్లీ కంపు మొదలైంది.

"నీ తొట్టి మళ్లీ కుళ్లుతోందిరా," అంది సెండెలా.

"చూస్తాలే," అన్నాడు రోజెల్. "ఏ నత్తో చచ్చుంటుంది."

వారం పోయినా వాసన తగ్గలేదు. తమ్ముడు నిద్రపోతుండగా ఆమె వంగి తొట్టి నీళ్లను వాసన చూసింది. మంచి ఉప్పు వాసన తప్ప ఏమీ లేదు. కంపు తొట్టిది కాదు. వెళ్లి అతన్ని పక్కకు తిప్పింది. తుంటి ఎముక మీద అరచేయంత పుండు, లోపల ఎముక తెల్లగా కనిపిస్తోంది.

"ఎన్నాళ్లనుంచిరా? నన్ను కడగనివ్వకుండా తువ్వాలు ఎందుకు కప్పుకుంటున్నావో అనుకున్నా! ఎన్నాళ్లు?"

"నాకు నొప్పి లేదుగా," అన్నాడు. తర్వాత ముఖం తిప్పుకున్నాడు. "చెబితే కుర్చీలో కూర్చోవద్దంటావు. బోర్లా పడుకోబెడతావు. బోర్లా పడుకుంటే నాకు గోడే కదక్కా."

అంతసేపు కదలకుండా కూర్చోబట్టే పుండు పట్టింది. ఆమె ఆ బల్ల వంక చూసింది. దాన్ని గొడ్డలితో ముక్కలు చేయాలన్నంత కోపం వచ్చింది. వెంటనే తానే ఎన్నిసార్లు కుర్చీని దాని కిందికి తోసిందో గుర్తొచ్చి, పుండు కడగడానికి నీళ్లు తెచ్చింది.

ఫెర్రీలో అవతలి తీరాన ఉన్న లా సేబా ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మూడు వారాలు ఉన్నాడు. జ్వరం దిగేది, మళ్లీ ఎక్కేది. మెలకువగా ఉన్నప్పుడు పంపు ఆగిందేమో కనుక్కోమనేవాడు. పంపు చూసుకోవడానికి ఎల్డన్ తమ ఇంట్లోనే పడుకుంటున్నాడని ఆమె చెబితే, "ముసలాయన గురకకి చేపలు బెదురుతాయి," అన్నాడు. ఆమె నవ్వింది. అతను నవ్వుతూ ఆమెను నవ్వించిన చివరిసారి అదే. ఒక గురువారం పొద్దున జ్వరం మెదడుకెక్కింది. సాయంత్రానికి పోయాడు.

శవాన్ని తీసుకొచ్చి దీవి మీదే పాతిపెట్టారు. ఆ ఆదివారం వెన్సెస్ నీళ్లు తెచ్చాడు. ఏం చేయాలో తెలియక అలవాటుగా తెచ్చినట్టున్నాడు. ఇద్దరూ కలిసి నీళ్లు మార్చారు. అలా నాలుగు నెలలు మార్చారు. ఆ నాలుగు నెలల్లో సెండెలాకు రాళ్లు కాక మిగతావి కూడా కనిపించడం మొదలైంది. ఈక కుచ్చులు ఆరయ్యాయని ఒకనాడు వెన్సెస్‌తో అంటే, అతను ఎనిమిదని చెప్పి మిగతా రెండూ చూపించాడు.

తర్వాత వెన్సెస్ తల్లికి జబ్బు చేసింది. అతను పెళ్లాం పిల్లలతో సొంత ఊరికి వెళ్లిపోతున్నానని చెప్పాడు. నీళ్లు తెచ్చేవాళ్లు ఇక లేరు. దిబ్బ దాకా వెళ్లి డ్రమ్ములు మోసే వయసు ఎల్డన్‌కి లేదు.

"ఎవరికన్నా ఇచ్చేద్దామా?" అన్నాడు వెన్సెస్.

"వద్దు. వాటి చోటికే చేర్చు."

ఒక శనివారం తెల్లవారుజామున రాళ్లు, పీత, చేపలు అన్నీ బకెట్లలో నీళ్లతో సహా దోనెలోకి ఎక్కించారు. ఎండ తగలకుండా సెండెలా తడి గోనె కప్పింది. ఆమె దోనెలో సముద్రం మీద అంత దూరం వెళ్లడం అదే మొదలు. దిబ్బ దగ్గర వెన్సెస్ ఊపిరి బిగబట్టి ఒక్కో రాయీ పట్టుకుని దిగాడు. ఎక్కడ వాటంగా ఉందో, ఎక్కడ అలల దెబ్బ తగలదో చూసి ఆనించి పైకి వచ్చాడు. పదకొండు సార్లు దిగాడు. ఆఖర్న చేపలున్న బకెట్ నీళ్లలో ముంచితే అవి బయటికి రాలేదు. సెండెలా దోనె అంచు మీదికి వంగి మెల్లగా వంచింది. రెండూ జారి, ఒక్క క్షణం నిలబడి, దొరికిన మొదటి రాతి కిందికి దూరిపోయాయి.

వెన్సెస్ దోనెలోకి ఎక్కి రొప్పుతూ కూర్చున్నాడు. ఆమె అతనికి తువ్వాలు ఇచ్చింది, మూట విప్పి కొబ్బరి రొట్టె ముక్క పెట్టింది. ఇద్దరూ తిన్నారు. తూర్పున గాలి లేస్తోంది, అలలు పెద్దవవుతున్నాయి. అతను తెడ్డు అందుకుని దోనెను ఒడ్డు వైపు తిప్పాడు.