జమాల్ సాబ్ కాసిన దీపం

జమాల్ సాబ్ మా ఇంటి కారు డ్రైవరు. కంబదూరు నుంచి అనంతపురం దాకా ఆ గతుకుల దారిలో, ఒళ్ళో పసిబిడ్డ నిద్ర లేవకుండా తీసుకుపోయేవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది యాభై ఐదులో. మా అత్తగారి మాటకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఎదురు చెప్పకుండా నెగ్గినవాడు మాత్రం ఇతనొక్కడే. ఆ సంగతి నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

నేను రాకముందు ఏడాది మా మామగారు ఓబుళరెడ్డికి వాంతులూ భేదులూ పట్టుకుని ప్రాణం మీదికి వచ్చిందట. ఆ కార్లోనే బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోయి బతికించుకున్నారు. దారిలో మా అత్తగారు రామలక్ష్మమ్మ మొక్కుకుంది. ఆయన బతికి ఇల్లు చేరితే ఈ కార్లో పెన్నహోబిలం నరసింహస్వామి పటం పెట్టి, రేయింబవళ్ళు ఆరని దీపం పెడతానని. కార్లో నూనె దీపం ఎట్లా పెడతారు? అనంతపురంలో ఒక మెకానిక్కు పటం ముందు శనగ్గింజంత ఎర్ర బల్బు బిగించి, వైరు నేరుగా బ్యాటరీకి కలిపాడు. బండి ఆపినా అది ఆరదు. ఊరికి రాని కరెంటు దేవుడికి వచ్చిందని మా అత్తగారికి ఒకటే సంబరం.

కారు నడుస్తుంటే బ్యాటరీ నిండుతుంది. నిలబడితే ఆ బల్బు దాన్ని కొంచెం కొంచెంగా తాగేస్తుంది. అవి వానల్లేని ఏళ్ళు. వేరుశనగ నేలలోనే మాడిపోతే రెడ్డి కారెక్కి ఎక్కడికి పోతాడు? బండి వారం పది రోజులు షెడ్డులోనే ఉండేది.

"అమ్మా, బండి ఊరికే నిలబడినప్పుడు ఆ బల్బు ఆర్పుకుందాం. బ్యాటరీ సచ్చిపోతాండాది" అని జమాల్ సాబ్ ఒకసారి అడిగాడు.

"ఆ దీపంలోనే నా పసుపుకుంకాలుండాయి సాబూ. ఇంకోసారి ఆ మాటెత్తొద్దు" అంది మా అత్తగారు.

అతను మళ్ళీ ఎత్తలేదు. ఒకరోజు పొద్దున మామగారు కోర్టు పనిమీద బయల్దేరితే బండి కదల్లేదు. బ్యాటరీ దిగిపోయింది. బండి ముందు నుంచి ఇంజనుకు ఇనుప హ్యాండిలు దోపి తిప్పుతుంటే అది ఎదురు తన్ని జమాల్ సాబ్ కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి మూడు నెలలు. ఎముక వంకరగానే అతుక్కుంది.

పనిలోకి వచ్చిన రోజే మామగారు పిలిచి చెప్పాడు. "ఏమప్పా, హ్యాండిలు తిప్పే చెయ్యి ఇంక నీకు లేదు. ఇంకొక్కసారి బండి నిలబడిందంటే వేరేవాణ్ణి పెట్టుకుంటా."

బల్బు పెట్టించింది వీళ్ళు, చెయ్యి విరిగింది అతనిది, మాట పడిందీ అతనే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, బండి తోలడం తప్ప వేరే పని రాదు. అయినా "సరేయ్యా" అని తలూపి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, కొత్తకోడలిని, నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత బ్యాటరీ ఒక్కసారి కూడా దిగలేదు. అత్తగారు శనివారం శనివారం షెడ్డుకు పోయి పటానికి పూలు పెట్టేది. బల్బు చక్కగా వెలుగుతుండేది. అంతా స్వామి మహిమ అనుకుంది.

యాభై ఎనిమిది ఎండాకాలం, రంజాన్ నెల. జమాల్ సాబ్ మూడు రోజులుగా జ్వరంతో పనిలోకి రాలేదు. నేనూ అత్తగారూ పొద్దుగూకే వేళ పిడకల కోసం షెడ్డు వెనక్కి పోయాం. అక్కడ గోడ గూటి ముందు ఎవరో ఆడమనిషి వంగి నిలబడి ఉంది. జమాల్ సాబ్ భార్య రహమత్‌బీ. చేతిలో నూనె సీసా. గూట్లో మా నరసింహస్వామి పటం, దాని ముందు ప్రమిద వెలుగుతోంది.

అత్తగారు షెడ్డులోకి పోయి చూసింది. కార్లో బల్బు ఆరిపోయి చీకటిగా ఉంది. గిరుక్కున బయటికి వచ్చింది.

"నా స్వామి ఈడెందుకుండాడు?"

రహమత్‌బీ చేతులు జోడించింది. "తిట్టమ్మా, కొట్టమ్మా, ఆయప్పను పనిలోనుంచి మాత్రం తీసెయ్యొద్దు. బండి ఊరికే ఉన్నన్నాళ్ళూ బ్యాటరీ వైరు ఊడదీస్తాడు. ఊడదీసేముందు కాళ్ళూ చేతులూ కడుక్కొని సామిని ఈడికి తెచ్చి ఒత్తి ఎలిగిస్తాడు. ఇది ఎలిగినాకనే అది ఆర్పుతాడు. రెండేండ్లలో నీ దీపం ఒక్క గడియ కూడా ఆరలేదమ్మా. శనివారం నువ్వొచ్చేలోపల మళ్ళా కార్లో పెట్టేస్తాడు."

"నాతో చెప్పలేదేం?"

"చెప్తే అమ్మకు నిద్ర పట్టదన్యాడు. జరంలో కూడా ఒత్తి, ఒత్తి అని కలవరిస్తాండాడు. అందుకే నేనొచ్చినా."

"నూనె యాడిది?"

"మా ఇంటిదే."

తిరగమోతకు నూనె లేక ఆ కరవులో ఎన్ని ఇళ్ళు ఉత్త చారు తాగాయో నాకు తెలుసు. వాళ్ళ ఇల్లు అందులో ఒకటి.

అత్తగారు గూటి దగ్గరికి పోయి ప్రమిదను చూసింది. తర్వాత అడిగింది. "సాబు చెయ్యి విరిగింది ఆ బల్బు వల్లనేనా?"

రహమత్‌బీ తల వంచుకుంది. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అప్పుడే మసీదు వైపు నుంచి అజాన్ వినిపించింది.

"రోజా ఉండావా?"

"ఊ."

అత్తగారు ఆమె చేతిలోంచి నూనె సీసా తీసుకుంది. నా వైపు తిరిగి, "ఆ బల్బూ వైరూ పీకెయ్" అంది. నాకు అంతకంటే ఏం కావాలి, వేరుతో సహా పీకేశాను. నేను బయటికి వచ్చేసరికి అత్తగారు తన చేత్తోనే ఒత్తి ఎగదోస్తూ ఉంది.

"ఈ బండి తోలేది సాబే. రెడ్డికి నేను చెప్తా. పో, పోయి నీళ్ళు తాగు" అంది రహమత్‌బీతో. ఆమె నాలుగడుగులు వేశాక అత్తగారు మళ్ళీ పిలిచింది.

"సాబుతో చెప్పు. చెయ్యి యట్లుండాదని అమ్మ అడిగిందని చెప్పు."

విరిగి రెండేళ్ళయింది. అంతవరకూ ఆ మాట మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.