దిగిరాని ఫోటో

మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క లేకుండా ఆ దర్జీ పెద్దమ్మను చూసినవాళ్లు లేరు. మూడు తరాల పెళ్లిబట్టలు కుట్టిన చెయ్యి ఆమెది; మనిషి గుమ్మం దాటేలోపే కొలత చెప్పేస్తుంది. అలాంటిది ఇవాళ పొద్దుటినుంచి పట్టుగుడ్డ ముందు కత్తెర తెరుస్తూ మూస్తూ కూర్చుంది. పాత కొలత ప్రకారం జాకెట్టు చేతులకు గీతలు గీసేశాక, గుడ్డ ఇచ్చిన ఆవిడ ఫోన్ చేసింది: "మెసేజీలో ఫోటో పంపాను. అది చూశాకే కత్తిరించండి. ఇంకో గుడ్డ లేదు." సాయంత్రానికల్లా ఇవ్వాలి. ఫోనులో చూస్తే మెసేజీ వచ్చిందన్న కబురే తప్ప ఫోటో లేదు.

"నెట్టు ఆపేశారా వదినా?" అన్నాడు ఇస్త్రీ చేస్తున్న మరిది.

"పనిలేనప్పుడు దీపం ఆర్పమూ?"

"మెసేజీలో పంపిన ఫోటో నేరుగా మీ దగ్గరికి రాదు. ఫోను కంపెనీలో ఆగి కబురు మాత్రం పెడుతుంది. నెట్టుంటేనే మీ ఫోను వెళ్లి తెచ్చుకుంటుంది. ఆలస్యమైతే వాళ్లే తీసేస్తారు."

"బావుంది సంబడం. చుట్టం బస్టాండులో కూర్చుని మనల్ని రమ్మన్నట్టు."

నెట్టు పెట్టగానే ఫోటో మెల్లగా దిగింది. దారిలో చిక్కిపోయి చిన్నదైనా, పెద్దమ్మకు కనబడవలసింది కనబడింది. రొమ్ము ఆపరేషను తరవాత ఆవిడ ఎడమచెయ్యి వాచి, కుడిదానికి రెట్టింపయింది. దుకాణంలో నలుగురి ముందు చూపలేక పంపిన చెయ్యి అది.

పెద్దమ్మ గుడ్డమీద పాత గీతలను బొటనవేలితో తుడిచేసింది.

"ఆ ఒక్క చెయ్యీ వదులు చేస్తే సరి," అన్నాడు మరిది.

"నువ్వు ఇస్త్రీ చూసుకో. ఒకటి వదులు, ఒకటి బిగుతూ అయితే అందరి కళ్లూ దానిమీదే."

వాచిన చేతికి సరిపడేలా రెండు చేతులకూ ఒకే వెడల్పున గీతలు గీసి, అప్పుడు కత్తెర పెట్టింది.