సందులోంచి వచ్చిన లారీలు

ఎనిమిదేళ్ళుగా ఒక నిందని మోస్తున్నాను. నా మీద పడ్డది కాదు, నేను వేసింది. ఇప్పుడు నొప్పి కూడా లేదు. మొద్దుబారిపోయింది. మీకే చెబుతున్నాను.

అప్పట్లో విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసేవాణ్ణి. ఊళ్ళో ప్రతి రోడ్డు మీదా మనుషుల్ని పెట్టి బళ్ళు లెక్కించలేం. అందుకని కొన్ని కూడళ్ళ లెక్కలు కంప్యూటర్‌కి నేర్పి, వాటికి ఒక భౌతిక సూత్రం జోడించి, మిగతా రోడ్ల రద్దీ అంచనా వెయ్యాలి. సూత్రం చిన్నదే. రోడ్డులోకి ఎన్ని బళ్ళు వెళితే, అటు చివర అన్నే బయటికి రావాలి.

సాలూరు వైపు కూడలిలో అప్పలనరసమ్మ లెక్క రాసేది. చేపలమ్ముకునే ఇంటి మనిషి, పది చదివింది. గొడుగు కింద కూర్చుని లారీకో గీత గీసేది. రోడ్డు అటు చివర లెక్క కంటే ఆమె కాగితాల్లో లారీలు ఎప్పుడూ ఎక్కువే. సూత్రానికి కుదరలేదు.

"మధ్యలో లారీలు పుడతాయా?" అన్నాను, అందరి ముందూ.

"పుట్టవు బాబూ. మిల్లు ఎనక సందులోంచి వస్తన్నాయి. నాను సూసిందే రాసినాను. ఓపాలి వొచ్చి సూడండి."

వెళ్ళలేదు. పది నిమిషాల దూరం. ఎందుకు వెళ్ళలేదు? నా దగ్గరున్న మ్యాపులో ఆ సందు లేదు, అంతే. ఇంట్లో కూర్చుని దొంగ లెక్కలు రాస్తోందని మా సారుకి చెప్పాను. ఆమెను మానిపించారు. ఆమె అంకెలు తీసేసి కంప్యూటర్ ఇచ్చినవి పెట్టాను. అన్నీ చక్కగా కలిశాయి.

థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా, మెకానిక్ కోసం వెతుకుతూ ఆ మిల్లు వెనక్కి వెళ్ళాను. సందులోంచి లారీలు వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి. గంటసేపు నిలబడి లెక్కపెట్టాను. ఆమె కాగితాల్లో గంటకి ఎన్ని ఎక్కువొచ్చేవో, అన్నే.

దిద్దుకోడానికి వారం ఉంది. దిద్దలేదు. పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

తర్వాత ఒకసారి నెల్లిమర్ల సంతలో చేపల తట్ట ముందు పెట్టుకుని అప్పలనరసమ్మ కనిపించింది. అంగన్‌వాడీలో పని ఇప్పిస్తానన్న పెద్దమనిషి, దొంగ లెక్కల సంగతి విని వెనక్కి తగ్గాడట. కోపంగా చెప్పలేదు. ఎవరికో జరిగినట్టు చెప్పింది. నా పని పూర్తయిందా అని అడిగింది. అయిందన్నాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది? చేపలు కొనుక్కుని వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు, వస్తుందని మాటా ఇవ్వలేను. అప్పలనరసమ్మ నిజమే రాసింది. అబద్ధం నాది. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక, కాస్త ఊపిరి ఆడుతోంది.