మూడు దారుల దగ్గర పగలగొట్టిన గుమ్మడికాయ

ఇక్కడి ఫుట్‌బాల్‌ని కాలితో ఆడరు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతారు, ఒకరి మీద ఒకరు పడతారు, లేచి మళ్లీ పడతారు. అంత గుంపులో కాలితో తన్నే పని ఉన్నవాడు జట్టుకి ఒక్కడే. వాణ్ణి కిక్కర్ అంటారు. మా అమ్మాయి కొడుకు వాళ్ల స్కూలు జట్టులో ఆ ఒక్కడు.

ఆ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దానంతట అది నిలబడదు. ఎవరో ఒకరు కింద కూర్చుని దాని నెత్తిన వేలు పెట్టి పట్టుకోవాలి. స్కూల్లో ఆ పనికి వేరే పిల్లవాడున్నాడు. ఇంట్లో నేను. ఇనప స్టాండు కొందామని మా అమ్మాయి అంటే, వేలుండగా ఇనుమెందుకని నేనే వద్దన్నాను. పాత చీరలు నాలుగు కలిపి కుట్టి కంచె ముందు వల లాగా కట్టాను. పెరట్లో పీట వేసుకుని, బంతి మీద చూపుడు వేలు ఆనించి కూర్చునేదాన్ని. వాడు వెనక్కి మూడడుగులు, పక్కకి రెండడుగులు వేసి, పరిగెత్తుకొచ్చి తన్నేవాడు.

"కళ్లు మూసుకోకు అమ్మమ్మా. మూసుకుంటే నువ్వు మూవ్ అవుతావ్."

"నువ్వు తిన్నగా తన్నరా. నా కళ్ల సంగతి నేను చూసుకుంటాను."

మూడేళ్లలో వాడి బూటు ఒక్కసారి కూడా నా వేలికి తగలలేదు.

పదిహేడేళ్లొచ్చినా వాడు మాటలు తక్కువ పిల్లవాడు. చిన్నప్పుడు నత్తి ఉండేది. స్కూల్లో వెక్కిరిస్తారని మధ్యాహ్నం అన్నం డబ్బా లైబ్రరీలో కూర్చుని తినేవాడు. బంతి తన్నడం మొదలుపెట్టాక నలుగురితో కూర్చుని తినడం నేర్చుకున్నాడు. అందుకే కాలేజీలో కూడా ఆడాలని వాడి పట్టుదల. తను తన్నిన వీడియోలు చాలా కాలేజీలకి పంపాడు. ఒక్కచోటి నుంచే జవాబొచ్చింది.

అది మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఉన్న యూనివర్సిటీ. వాళ్లది ఆకుపచ్చ జట్టు. రాష్ట్రానికి ఆ చివర ఇంకో యూనివర్సిటీ ఉంది, అది ఎర్ర జట్టు. ఈ రెండింటికీ ఎప్పటి పగో ఎవరికీ తెలియదు. ఏటా నవంబరు చివర్లో ఈ రెండూ ఆడే వారం మా అమ్మాయి ఆఫీసుకి ఎర్ర చున్నీ వేసుకుని వెళ్లదు. ఒకసారి వేసుకుంటే ఆమె కుర్చీని పార్కింగ్‌లో పెట్టారట, నవ్వులాటకి.

పచ్చ జట్టు కోచ్ పిల్లల్ని ఎంచుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతాడు. మా ఇంటికీ వచ్చాడు. సోఫా మీద ముడుచుకుని కూర్చుని, రెండు పెసరట్లు తిని, ఉన్న సంగతి చెప్పాడు. ఈ ఏడు వాళ్లకి కావలసింది ఒక్క కిక్కర్. చూస్తున్నది ఇద్దరు పిల్లల్ని. పెద్ద మ్యాచ్‌కి ఇద్దర్నీ కుటుంబాలతో సహా పిలుస్తాడు, ఆ తర్వాత ఎవరో తేలుస్తాడు. ఆయన వెళ్లాక వాడు ప్లేటు కడుగుతూ, "అమ్మమ్మా, ఇది రాకపోతే నాకు ఇంకేం లేదు," అన్నాడు. వాడు అంత పొడుగు వాక్యం ఎప్పుడో గాని అనడు.

మ్యాచ్‌కి పది రోజుల ముందు మా ఊరి పేపర్లో వాడి ఫోటో పడింది. ఆ శుక్రవారమే స్కూలు ఆటలో మూడు తన్నులు వరసగా తప్పాడు. నేను దెయ్యాల్నీ భూతాల్నీ నమ్మే మనిషిని కాను. దిష్టి సంగతి వేరు.

అక్టోబరులో పక్కింటివాళ్లు గుమ్మం ముందు అలంకారానికి పెట్టిన గుమ్మడికాయని చెత్తడబ్బా పక్కన పడేశారు. తొడిమ కూడా వాడని కాయ. తెచ్చి గరాజ్‌లో దాచాను. మ్యాచ్ రోజు పొద్దున్నే దానికి నెత్తిన గంటు పెట్టి, లోపల కుంకుమ పోసి, ఒక రూపాయి బిళ్ల వేశాను. ఇక్కడి డబ్బులెందుకు పారేయడం? ఊరి నుంచి తెచ్చినవి నా దగ్గర డబ్బీలో ఉన్నాయి. వాడు వంగి బూట్లు కట్టుకుంటుంటే మూడుసార్లు తిప్పాను.

"అమ్మమ్మా, లేట్ అవుతోంది."

"కదలకు."

మా అమ్మాయి కారు తాళాలు వెతుక్కుంటూ, "మన వీధిలో మాత్రం పగలగొట్టకమ్మా. కాలనీ అసోసియేషన్ వాళ్లు లెటర్ పంపిస్తారు. ట్రాష్‌లో వేసెయ్," అంది.

దిష్టి తీసిన కాయని చెత్తలో వేస్తారా? మూడు దారులు కలిసే చోట పగలగొట్టాలి. గుడ్డసంచీలో పెట్టి శాలువా కింద దాచుకుని కారెక్కాను.

స్టేడియం ముందు మా అమ్మాయీ మనవడూ పేర్లు రాయించడానికి వరసలో నిలబడ్డారు. నేను కాళ్లు పట్టేశాయని చెప్పి పక్కకి నడిచాను. కొంచెం దూరంలో సరిగ్గా మూడు దారులు కలుస్తున్నాయి. మధ్యలో రాతి గట్టు మీద కంచు గుర్రం. మోకాళ్ల దాకా ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. వానకి తడవకుండా అనుకున్నాను. అటువైపు ఇద్దరు కుర్రాళ్లు కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని కునికిపాట్లు పడుతున్నారు. ఒకడు నా చీర చూసి నవ్వి చెయ్యి ఊపాడు. నేనూ ఊపి, వెనకవైపుకి వెళ్లి, గట్టు అంచుకేసి కాయని బలంగా కొట్టాను. కుంకుమ గుర్రం కాళ్ల మీదికి చిందింది. వెనక్కి చూడకూడదు కనక చూడకుండా వచ్చేశాను.

ఆ గుర్రం పచ్చ జట్టువాళ్లకి ప్రాణమనీ, ఏటా ఈ రోజున ఎర్రవాళ్లు దొంగతనంగా వచ్చి దానికి ఎర్రరంగు పూస్తారనీ, ఆ కుర్రాళ్లు అందుకే కాపలా ఉన్నారనీ అప్పటికి నాకు తెలియదు.

లోపల మమ్మల్ని ఆ రెండో పిల్లవాడి కుటుంబం పక్కనే కూర్చోబెట్టారు. తల్లీ కొడుకూ ఇద్దరే వచ్చారు. పొడుగాటి పిల్లవాడు, మొహం నిండా గోధుమరంగు మచ్చలు. తల్లి చదివింది ఎర్ర యూనివర్సిటీలోనట, మెడలో పాత ఎర్ర మఫ్లర్ ఉంది. నేను చలికి వణకడం చూసి ఆమె ఏమీ అడగకుండా తన ఉన్ని దుప్పటి సగం నా మోకాళ్ల మీదికి లాగింది. ఇద్దరం ఒక దుప్పటి కింద గంటన్నర కూర్చున్నాం. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. జనం లేచినప్పుడల్లా ఆమె నా మోచెయ్యి పట్టుకుని లేపేది.

ఆట సగం అయ్యాక వెనక వరసల్లో గోల మొదలైంది. జనం ఫోన్లు చూస్తున్నారు, ఆ పిల్లవాణ్ణి చూపిస్తున్నారు. మా అమ్మాయి ఫోన్‌లోకీ ఆ వీడియో వచ్చింది. గుర్రం కాళ్ల దగ్గర ఆ పిల్లవాడు వంగి ఉన్నాడు. చేతులు ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో గుమ్మడి ముక్క, ఇంకో చేతిలో ఏదో బిళ్ల పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు.

"ఏమని రాశారే?" అన్నాను.

"దొంగ దొరికాడని. మన జట్టులోకి రావడానికి వచ్చి మన గుర్రానికే రంగు పూశాడని. ఛీ, ఎంత ఫూల్ అమ్మా వీడు!"

మొదటి బీరు డబ్బా ఆ పిల్లవాడి భుజానికి తగిలింది. తర్వాత ఐసుముక్కలు, తర్వాత బూతులు. అర్థం తెలియకపోయినా బూతని తెలుస్తుంది కదా. వాడు రెండు అరచేతులూ చాపి పదే పదే ఒకటే మాట అంటున్నాడు. "చెత్త క్లీన్ చేశానంటున్నాడు," అంది మా అమ్మాయి. ఎవరో పైనుంచి గ్లాసుడు బీరు ఆ తల్లి నెత్తిన పోశారు. ఆమె తుడుచుకోలేదు. కొడుకు తలని తన చేతులతో కప్పింది. సెక్యూరిటీవాళ్లు వచ్చి తల్లినీ కొడుకునీ బయటికి నడిపించారు, తప్పు చేసినవాళ్లని నడిపించినట్టు. దుప్పటి నా ఒళ్లో ఉండిపోయింది.

నేను నోరు తెరవాలి. తెరవలేదు. నా మనవడు ఫోన్ వంక చూశాడు, నా వంక చూశాడు, మైదానం వైపు తిరిగి కూర్చున్నాడు.

సోమవారం కోచ్ ఫోన్ చేశాడు. చోటు నీదే అన్నాడు. కాగితాల మీద సంతకం రెండు వారాల్లో. మా అమ్మాయి ఫోన్ పెట్టగానే ఏడ్చేసింది. అల్లుడు ఆఫీసు పని మీద షాంటిలీ అనే ఊళ్లో ఉన్నాడు, అక్కడినుంచి వీడియోలో గంతులేశాడు. పిల్లవాడు మాత్రం "ఓకే" అన్నాడు. నేను దుప్పటి ఉతికి, ఆరేసి, మడత పెట్టాను. బీరు వాసన పోలేదు. మళ్లీ ఉతికాను.

గురువారం సాయంత్రం పెరట్లో పీట వేసుకున్నాను. వాడు పరిగెత్తుకొచ్చాడు. వాడి బూటు నా వేలికి తగిలింది.

వాడు నా చెయ్యి పట్టుకుని చూశాడు. వేలు అప్పటికే వాస్తోంది. "నువ్వు కళ్లు మూసుకున్నావ్ అమ్మమ్మా."

"మూసుకున్నాను." ఇంక ఆపుకోలేక చెప్పేశాను. "ఒరేయ్, ఆ గుర్రం దగ్గర పగలగొట్టింది నేను."

"నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"వీడియోలో కాయిన్ ఉంది కదా. జూమ్ చేశా. సింహాలు ఉన్నాయి. మన డబ్బీలోది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నువ్వు కూడా ఊరుకున్నావ్ కదా," అన్నాడు.

నాకు ఎదురు చెప్పినవాళ్లని ఊరికే వదలను నేను. ఆ మాటకి మాత్రం పీట తీసుకుని లోపలికి వచ్చేశాను.

మా అమ్మాయికి చెబితే పొయ్యి ఆపేసి వచ్చింది. "నీకేమైనా మతి ఉందా అమ్మా? అది యూనివర్సిటీ ప్రాపర్టీ. పోలీస్ కేస్ అవుతుంది. నీ గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. వీడి చోటు పోతుంది! ఆ అబ్బాయికి ఇంకెక్కడో దొరుకుతుందిలే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు చెప్పాలి? వాళ్లు ఇక్కడివాళ్లు, వాళ్లకి దొరుకుతుంది."

"ఆమె నెత్తిన పోశారే అమ్మాయ్. నా పక్కనే."

పిల్లవాడి వైపు తిరిగి చెప్పాను. "నిన్ను అడగడం లేదు నేను. చేసింది నేను, చెప్పేది నేను. నాకు కారు నడపడం రాదు కనక నువ్వు తీసుకెళ్లాలి. ఇంగ్లీషు రాదు కనక నేనన్నది నువ్వు చెప్పాలి."

శుక్రవారం స్కూలయ్యాక తీసుకెళ్లాడు. కోచ్ గదిలో నేను డబ్బీ తీసి రూపాయి బిళ్లలు బల్ల మీద పోశాను. గుమ్మడికాయ ఎందుకో, కుంకుమ ఎందుకో, మూడు దారులు ఎందుకో చెప్పాను. వాడు ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్పాడు. చిన్నప్పటి నత్తి మళ్లీ వచ్చింది, ఆగి ఆగి చెప్పాడు. నేరం నాది, ఈ పిల్లవాడికి ఏ సంబంధమూ లేదు, ఆ తల్లికి ఈ దుప్పటి ఇవ్వండి, నా తరఫున క్షమించమనండి అన్నాను. వాడికి ముందే తెలుసన్న సంగతి మాత్రం కావాలనే వదిలేశాను. ఆ ఒక్కటీ చెప్పకపోతే వాడి చోటు నిలుస్తుందని నాకు ఆశ. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి కూడా అంత ఆశ పెట్టుకున్నాను.

కోచ్ మొహం మెత్తబడింది. ఒక బిళ్ల తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వినట్టు కూడా అనిపించింది. అప్పుడు మా వాడు నేనేమీ అనకుండానే ఇంకో రెండు మాటలన్నాడు. వాటికి నత్తి రాలేదు. కోచ్ బిళ్ల బల్ల మీద పెట్టేశాడు. నెమ్మదిగా ఏదో చెప్పాడు. వాడు తల ఊపాడు.

కారులో అడిగాను. "చివర్న నువ్వేదో సొంతంగా అన్నావు. ఏమన్నావు?"

"నాకు శనివారం మ్యాచ్‌లోనే తెలుసు అని."

"ఆయనేమన్నాడు?"

"మీ అమ్మమ్మకి గుర్రం సంగతి తెలీదు, నువ్వు తెలిసీ ఊరుకున్నావ్ అన్నాడు." బండి స్టార్ట్ చేశాడు. "ఆ అబ్బాయికి ఫోన్ చేస్తాడంట."

పోలీసులెవరూ రాలేదు. తమది పొరపాటని, ఆ పిల్లవాడు నిర్దోషి అని యూనివర్సిటీవాళ్లు రెండు వాక్యాలు రాసి పెట్టారట. బీరు పోసినవాళ్లలో ఒక్కరూ ఏమీ రాయలేదని మా అమ్మాయి చెప్పింది. ఆ తల్లి నుంచి నాకు కబురేమీ రాలేదు. రావాలని నేను అనుకోకూడదు కూడా. సంతకాల రోజు ఆ మచ్చల మొహం పిల్లవాడు పచ్చ టోపీ పెట్టుకున్న ఫోటో వచ్చింది. మా వాడు అది చూసి, ఫోన్ బోర్లా పెట్టి, తన గదిలోకి వెళ్లాడు. ఇప్పుడు మళ్లీ మధ్యాహ్నం లైబ్రరీలో తింటున్నాడని వాళ్ల టీచర్ మా అమ్మాయికి చెప్పింది.

మా అమ్మాయి నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. ఇనప స్టాండు తెప్పించింది. ఈసారి నేను వద్దనలేదు. అట్టపెట్టె విప్పకుండానే పెరటి తలుపు దగ్గర ఉంది.

నా వేలు పూర్తిగా వంగడం లేదు. అయినా రోజూ సాయంత్రం అదే వేళకి పీట వేసుకుని, బంతి నిలబెట్టి, వేలు ఆనించి కూర్చుంటున్నాను. కంచె మీద చీరలు గాలికి కొట్టుకుంటున్నాయి. వాడి గది కిటికీ పెరటి వైపే ఉంది. అక్కడినుంచి చూస్తే నా కళ్లు తెరిచే ఉన్నాయని వాడికి కనపడుతుంది.