ముప్పావు మామయ్య ఆఖరి మీట

మామయ్య ఏ పనైనా ముప్పావు వంతు చేస్తాడు, ఆఖరి పావు మరచిపోతాడు. చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని అట్టడుగుదాన్ని గాలికి వదిలేస్తాడు. టీ కాచి, వడకట్టి, చక్కెర వేయడు. బురదలో దిగబడ్డ లారీ కథ మేనకోడలికి చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు గానీ, ఆ లారీ ఇంతవరకూ గట్టెక్కలేదు.

ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. ఆఫీసులో నవ్వే రోజులు పోయాయి. ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులన్నిటిలో, ఆఫీసుతో నెట్ కలిపే గేట్‌వే పెట్టెలు బిగించి, మోటార్లను ఆఫీసు నుంచే నడపాలని మేనేజరు పట్టుబట్టాడు. పెట్టె సిద్ధమైన చోట అక్కడే గదిలో ఉండే కాపలా మనిషిని పనిలోంచి తీసి పంపేస్తారు. బిగించేది మామయ్య, ఆఫీసులో తెర మీద చూసుకునేది మేనకోడలు. కరెంటు పోయి వచ్చాక పెట్టె తనంతట తాను లేచి పనిచేయాలంటే, దాని వెనకున్న చిన్న మీటను చేత్తో జరపాలి. మామయ్య ప్రతిచోటా మరచిపోయేది సరిగ్గా ఆ మీటనే. మళ్ళీ పంపితే, పెట్టె విప్పే స్క్రూడ్రైవరు మరచిపోయి వెళ్ళేవాడు.

"ఈసారీ మరచిపోతే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తాను. మీరూ వెంట వెళ్ళండి," అన్నాడు మేనేజరు మేనకోడలితో.

ఆ రోజంతా ముసురు. పంపుహౌసు గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి. వెనక గదిలో కాపలా ఆవిడ తల్లి మంచం మీంచి దగ్గుతోంది. మామయ్య పెట్టె బిగించాడు, కంపెనీ పెట్టిన పాస్‌వర్డు మార్చాడు, ఆఫీసుకు తప్ప బయటివాళ్ళకు దారులన్నీ మూసేశాడు. ఆఫీసు నుంచి మోటారు ఆపితే ఆగింది, నడిపితే నడిచింది.

"మామయ్యా, మీట," అంది మేనకోడలు.

"ఏ మీట? ముందు నా కళ్ళజోడు ఎక్కడుందో చూడమ్మా."

"నీ ముక్కు మీదే ఉంది."

కాపలా ఆవిడ గుమ్మంలో నిలబడింది. "అయిపోయిందా బాబూ? సామాన్లు సర్దుకోమంటారా?"

"అప్పుడేనా? కరెంటు పోయి వస్తే పెట్టె మీది ఆ ఎర్ర బొత్తాం నువ్వే నొక్కాలి. నువ్వు లేకపోతే ఇది లేవదు. అన్నట్టు, మీ అమ్మకు పొద్దుటి మాత్ర వేసుకుంటే తల తిరుగుతోందన్నావు, తగ్గిందా?"

ఆవిడ ఎప్పుడో అన్న మాట అది. మీట దాకా వెళ్ళిన మేనకోడలి చేయి ఆగిపోయింది. మామయ్య వదిలేసి వచ్చిన పంపుహౌసులన్నీ, వాటిలో ఇంకా మిగిలి ఉన్న మనుషులూ ఒక్కసారిగా ఆమెకు గుర్తొచ్చారు.

"నీకు మతిమరుపే లేదు కదూ మామయ్యా?"

"వయసు మీద పడుతోంది తల్లీ," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

ఆమె మీట జోలికి పోకుండా గొడుగు తీసుకుంది.

తిరుగు బస్సులో ఉండగా మేనేజరు ఫోను. "ఆఖరి మీట కూడా జరిపారా?"

"అయ్యో సార్! ఆయన్ని ఆగమని, నేనే జరుపుతానని చెప్పి మరచిపోయాను."

"మీ ఇంటిల్లిపాదికీ ఇదే జబ్బా?"

"వానలు తగ్గాక వెళ్ళి జరిపి వస్తాను సార్."

"అంతదాకా ఆ కాపలా ఆవిణ్ణి అక్కణ్ణుంచి కదలనివ్వకండి!"

"అలాగే సార్."

మామయ్య వాన జల్లు పడకుండా బస్సు కిటికీ మూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఇంతకీ ఆ లారీని అందరూ కలిసి తోశారమ్మా. బయటికొచ్చేసింది," అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

"ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఇందుకా? ముప్పావు దగ్గర ఆపేస్తేనే బాగుండేది మామయ్యా!"

"నేనూ అదే అనుకున్నాను," అంటూ మామయ్య చొక్కా అట్టడుగు బొత్తాం పెట్టుకున్నాడు.