కాన్పు గదిలో ఖాళీ స్టూళ్లు

ధర్మవరం స్టేషన్‌లో దిగగానే, నన్ను హిందూపురం తీసుకెళ్లడానికి వచ్చిన డాక్టరమ్మ నా బ్యాగు అందుకోబోయింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మెడికల్ కాలేజీల్లో పనిచేసే మహిళా డాక్టర్లకు నాయకత్వ శిక్షణ ఇచ్చే కార్యక్రమం మాది. ఒక్కొక్కరూ తమ ఆసుపత్రిలో ఒక మార్పు తెచ్చి చూపాలి. అది నిజమో కాదో చూసి మార్కులు వేయడం నా పని. మార్కులు వేసే మనిషికి ఇంత మర్యాదెందుకమ్మా?

పెనుకొండలో కారు ఆపి కాఫీ ఇప్పించింది. దారి పొడుగునా తన ప్రాజెక్టు గొడవే. నొప్పులు పడే పిల్లతో పాటు ఇంట్లోవాళ్లలో ఒక్కరిని కాన్పు గదిలోకి రానిస్తోందట. “మీరు పాస్ చేయకపోతే మళ్లీ తలుపులు మూసేస్తానని మా పెద్దసారు అనేసినాడు మేడమ్” అంది. జాలి పుట్టించడానికే చెబుతోందనుకున్నాను. ఇలాంటి నాటకాలు ఎన్ని చూడలేదు నేను!

హిందూపురంలో ఆమె పనిచేసే ఆసుపత్రికి చేరి, నేరుగా కాన్పు గదిలోకే వెళ్లాం. గది తళతళలాడుతోంది. ప్రతి మంచం పక్కనా స్టూలుంది, ఒక్కదాని మీదా మనిషి లేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం రప్పించి చూపించేది ఇదా!

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. “ఆళ్లంతా యాడికి పోయినారు?” అని నర్సును అడిగింది.

“ఇన్‌స్పెక్షన్ కదా మేడమ్, అందర్నీ వార్డు గేటు బయటికి పంపించేసినాం” అంది నర్సు, మెప్పు కోసం చూస్తూ.

తనిఖీ అంటే రోగుల తాలూకు వాళ్లను బయటికి తోలడం మన ఆసుపత్రుల్లో అలవాటే. అయినా నేను నమ్మలేదు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉంటారు.

అంతలో మూల మంచం మీది పిల్ల “అవ్వా!” అని కేక పెట్టింది. గుడిబండ వైపు పిల్ల. గేటు దగ్గర్నుంచి ఒక ముసలామె ఆయాను తోసుకుంటూ వచ్చేసింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. ఎవరూ చెప్పకుండానే కొళాయి కింద చేతులు కడుక్కుంది. స్టూలు లాక్కుని కూర్చుని పిల్ల నడుము రుద్దసాగింది.

నేను దగ్గరికెళ్లి “నిన్ను ముందు నుంచీ ఇట్లాగే రానిస్తున్నారా?” అని ఆరా తీయబోయాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వెవరమ్మా? ఈడ ఒకరికి ఒకరే ఉండాల. మా డాక్టరమ్మ చెప్పింది. నువ్వు బయటికి పో.”

సిగ్గేసింది, సంతోషమూ కలిగింది. బయటికొచ్చి, గేటు దగ్గర నిలబడ్డ మిగతా ఆడవాళ్లను లోపలికి పంపించాను. డాక్టరమ్మకు పాస్ మార్కులు అక్కడే వేసేశాను.