టైలరమ్మ బారసాలకు వెళ్ళిన రోజు

మా చిన్నప్పుడు డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో పడుకోవడానికి చోటుండేది కాదు... మంచం మీద గౌన్లు, దండెం మీద చొక్కాలు, బియ్యం డబ్బా మీద కత్తిరించిన లంగా ముక్కలు...

మా నాన్న హుకుంపేటలో దర్జీ. కొండ కింద ఊరి నుంచి వచ్చి, రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు తీసుకుని, ముందు గదిలో మిషను పెట్టాడు. చుట్టుపక్కల కొండ ఊళ్ళలో క్రిస్మస్ చేసుకునేవాళ్ళు సంతలో గుడ్డ కొని నాన్నకే ఇచ్చేవారు. నాన్న మిషను తొక్కేవాడు... అమ్మ అంచులు మడిచి కుట్టేది, కాజాలు తీసేది, గుండీలు వేసేది. వంట, నీళ్ళు, నా బడి... అన్నీ ఆ మధ్యలోనే. చలికి వేళ్ళు కొంకర్లు పోతే బొగ్గుల ఇస్త్రీపెట్టె మీద చేతులు కాచుకుని మళ్ళీ సూది పట్టేది.

ఆ ఏడాది మా మావయ్యకి కొడుకు పుట్టాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన బిడ్డ... ఇరవై ఒకటో రోజు బారసాల. మొలతాడు కట్టాల్సింది మేనత్త, అంటే మా అమ్మే. చూస్తే ఆ రోజు సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు పడింది!

అమ్మ వారం నుంచీ అన్నం ముందు కూర్చుని కూడా కుట్టింది. అయినా ఆ రోజు పొద్దున్నకి ఇంకా పెద్ద గుట్టే మిగిలింది.

"నువ్వెల్లిపోతే ఇదంతా ఎవులు సేత్తారే? పండక్కి ఇత్తానని మాటిచ్చీసాను. రేపు పిల్ల గుంటలు పాత గుడ్డల్తో ప్రార్థనకెల్లాలా?" అన్నాడు నాన్న.

"మరి నా తమ్ముడి కొడుక్కి మొలతాడు ఎవులు కడతారు? నీ మిషనొచ్చి కడతాదా?"

నాన్న మిషను తొక్కుతూనే ఉన్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు... అటూ తప్పించుకోలేడు, ఇటూ తప్పించుకోలేడు. అమ్మ బయటికి తీసి పెట్టుకున్న కొత్త చీర మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టేసింది. వచ్చి సూది పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు... కానీ కళ్ళలో నీళ్ళు అడ్డొచ్చి దారం సూదిలోకి ఎక్కడం లేదు.

అప్పుడే కొండ ఊరి ఆడవాళ్ళు నలుగురైదుగురు బట్టల కోసం వచ్చారు. ముందు ఎస్తేరమ్మ. మనిషి కంటే ముందు ఆవిడ గొంతు వచ్చేది.

"టైలరమ్మా, మా గుంట గౌను అయిపోనాదా? ఓలమ్మ, కళ్ళేటి అలాగున్నాయి? టైలరు బాబు గాని ఏటన్నాడేటి?"

"పొగమ్మా... పొయ్యి పొగ," అంది అమ్మ.

నేను తలుపు వెనకాల ఉన్నాను. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పేదాన్ని కాదు. ఆ రోజు ఎలా వచ్చిందో మాట... "పొగ కాదు. అమ్మ బారసాలకెల్లాలి. మొలతాడు అమ్మే కట్టాల. పది గంటల బస్సెల్లిపోతే ఇంకెల్లనేదు," అనేశాను.

ఎస్తేరమ్మ నెత్తి మీద గంప దింపింది. "ఇంత పనుంటే సెప్పవేటి టైలరమ్మా? మా ఊళ్ళో ఒకరి మడిలో నాట్లుంటే ఊరంతా దిగుతాం. సూది పట్టడం మాకు రాదేటి? తే ఇలాగ!"

"మీకూ పండగ పనులుంటాయి కదే..." అమ్మ నసిగింది.

"ఇయన్నీ మా పండగ గుడ్డలే కదా!"

అందరూ అరుగు మీద వరసగా కూర్చున్నారు. నాన్న మిషను ఆపాడు. "బేగి సీర కట్టుకో. బస్సు నాను ఆపుతాను," అని మెడలో టేపుతోనే వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు!

అమ్మ బస్సెక్కింది... నేను సూదుల్లో దారాలు ఎక్కిస్తూ ఉండిపోయాను. ఎస్తేరమ్మ కబుర్లలో పడి తన కూతురి గౌనుకి ముందు అంచూ వెనక అంచూ కలిపి కుట్టేసింది. నాన్న పైకెత్తి చూశాడు.

"ఏటమ్మా ఇది? గౌనా, బియ్యం సంచా?"

"నా గుంట ఒక్క దగ్గర ఆగదు బాబూ. కాళ్ళు కట్టీసినట్టుంటాది, అలాగే ఒగ్గీ!"

ఆ నెలంతటిలో నాన్న నవ్వగా చూడటం అదే... పొద్దు వాలేసరికి గుట్ట కరిగిపోయింది. ఎవరి బట్టలు వాళ్ళు గంపల్లో పెట్టుకుని కొండెక్కారు.

మర్నాడు అమ్మ వచ్చి నవ్వుతూ చెప్పింది. పిల్లాడికి మొలతాడు కట్టి ముడి వేసిందట... వేసి, అలవాటు కొద్దీ పంటితో దారం తెంపడానికి వంగిందట! "ఓలమ్మ వదినా, కొరికీకు!" అని మా అత్త అరిచిందట. చెబుతూ చెబుతూ అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఈసారి పొగ అనలేదు.

ఇప్పుడు నేను సీతంపేట దగ్గర ఓ ఊరి కోడలిని. నేనూ జాకెట్లు కుడతాను. ఏడాది చివర అంతే... ఒడిలో గుడ్డ, పొయ్యి మీద కూర, అత్తగారి మందులు, పాప పరీక్షలు, మధ్యలో జాకెట్టు ఇచ్చినవాళ్ళ ఫోను... "అయిపోయిందా?" అయిపోలేదంటే "సరే, రేపు" అని పెట్టేస్తారు. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ ఇళ్ళలోనూ ఇదే హడావుడి.

కొండ ఊళ్ళకి కూడా రెడీమేడ్ గౌన్లు వచ్చేస్తున్నాయి. మంచిదే, పిల్లలు ఎదురు చూడక్కర్లేదు... కానీ ఆ గౌను ఏ ఊళ్ళో ఎవరు కుట్టారో, కుట్టినావిడ ఆ రోజు ఏ శుభకార్యం మానుకుందో ఎవరికీ తెలియదు.

ఇలాంటి రోజుల్లో మీ ఇంటికి పిలవకుండా వచ్చి పని అందుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా... ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి. ఈ నాలుగు జాకెట్లూ అవగానే కూర్చుని అన్నీ చదువుకుంటాను...